సేవ్ నొక్కాక చేతిలో ఏం మిగులుతుంది?

సంపాదకులకు నమస్కారం.

డేటాబేస్ తయారు చేయడానికి ఇక కోడ్ రాయనక్కర్లేదని, గ్రాఫికల్ టూల్ తెరిచి నాలుగు క్లిక్కులు చేస్తే సరిపోతుందని మీ సాంకేతిక పేజీలో వచ్చిన వ్యాసం చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. నాలుగు క్లిక్కులతో టేబుల్, అంటే వరుసలూ కాలమ్‌లూ ఉన్న డేటా పట్టిక, పుడుతుందన్న మాట నిజమే, కాదనను. కానీ అదే టేబుల్ రేపు ఇంకో సర్వర్‌లో కావాలన్నా, ఫలానా కాలమ్‌లో ఖాళీలు ఎందుకు ఒప్పుకున్నారని ఆర్నెల్ల తర్వాత ఎవరైనా అడిగినా, క్లిక్కులు జవాబు చెప్పవు. వ్యాసం సేవ్ బటన్ దగ్గర ముగిసింది. నా ఫిర్యాదంతా ఆ తర్వాతి సంగతి గురించి. క్లిక్కులకు బదులు నేను అడిగేది స్క్రిప్టు, అంటే డేటాబేస్‌కు ఇచ్చే ఎస్‌క్యూఎల్ భాషా వాక్యాలను రాసి పెట్టుకున్న ఫైలు.

ముందు టూల్ లోపలికే వెళ్దాం. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌కు గ్రాఫికల్ టూలైన వర్క్‌బెంచ్‌లో కొత్త టేబుల్ తెరిచి మొదటి వరుస మీద రెండుసార్లు నొక్కితే, టేబుల్ పేరుకు ముందు ఐడీ అని తగిలించిన ఇంటిజర్ (పూర్ణాంకాల) కాలమ్ ఒకటి దానంతటదే వస్తుంది. ప్రైమరీ కీ (వరుసను గుర్తించే కాలమ్), నాట్ నల్ (ఖాళీ ఒప్పుకోదు) టిక్కులు అప్పటికే పడి ఉంటాయి. రెండో వరుస నొక్కితే వార్‌చార్ 45, అంటే నలభై ఐదు దాకా పట్టే అక్షరాల కాలమ్, వస్తుంది. ఆ నలభై ఐదు ఎవరు నిర్ణయించారు? ఎవరూ కాదు. టూల్ డిఫాల్ట్ అది, మనం చెప్పకపోతే తానే వేసుకునే విలువ. పేరుకూ 45, ఊరికీ 45, ఈమెయిల్‌కూ 45 అని వరుసగా కనబడే టేబుల్ ఎదురైతే, అది వర్క్‌బెంచ్‌లో పుట్టిందని జాతకం చూడకుండానే చెప్పొచ్చు. మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు ఉన్న మేనేజ్‌మెంట్ స్టూడియో అనే టూల్‌లో ఇంకో తంతు. అక్కడ డిజైనర్‌లో కాలమ్ పేరు కొట్టి పక్క గడిలోకి జరగగానే ఎన్‌చార్ 10 పడుతుంది, నల్ ఒప్పుకుంటాననే టిక్కు కూడా దానితోపాటే. ఎన్‌చార్ అంటే స్థిరమైన పొడవు. నాలుగక్షరాల మాట పెట్టినా మిగతాదంతా ఖాళీలతో నింపి పదికి సరిచేస్తుంది. ఎస్‌క్యూఎల్‌లో పోల్చినప్పుడు చివరి ఖాళీలు లెక్కలోకి రావు కాబట్టి తేడా తెలియదు. ఆ విలువను అప్లికేషన్ కోడ్ ఇంకో మాటతో సరిచూసినప్పుడు మాత్రం ‘రెండూ ఒకటి కావు’ అంటుంది. పేరు పక్కన ఇంటిపేరు చేర్చి అచ్చేస్తే మధ్యలో చాంతాడంత ఖాళీ.

తెలుగులో డేటా దాచేవాళ్లకు ఈ పొడవుల సంగతి ఇంకా పట్టింపు. ‘స్త్రీ’ అన్నది కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్లలో లిపుల పద్ధతి అయిన యూనికోడ్ లెక్కలో ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. వాటిని దాచే యూటీఎఫ్8 రూపంలో ఒక్కోదానికి మూడు బైట్ల చొప్పున పద్దెనిమిది బైట్లు. మైఎస్‌క్యూఎల్‌లో వార్‌చార్ 45 అంటే ఇలాంటి సంకేతాలు నలభై ఐదు; మనం కాగితం మీద లెక్కపెట్టే అక్షరాలు కావు. ఎన్‌చార్ 10లో ‘స్త్రీ’ రెండుసార్లు పట్టదు. స్క్రిప్టు రాసేవాడికి ఇది పుట్టుకతో తెలుసని కాదు. అంకె తానే టైప్ చేయాల్సి వచ్చినప్పుడు కనీసం ‘ఎంత పెట్టాలి?’ అన్న ప్రశ్న వేసుకుంటాడు. ముందే నిండి ఉన్న గడిని చూసి ఎవరూ ప్రశ్న వేసుకోరు.

క్యారెక్టర్ సెట్ (అక్షరాలను ఏ సంకేతాలతో దాచాలన్న ఎంపిక) సంగతీ అంతే. మైఎస్‌క్యూఎల్ 5.7 వరకు సర్వర్ డిఫాల్ట్ పశ్చిమ యూరప్ అక్షరాలకే సరిపడే లాటిన్1. 2018లో వచ్చిన 8.0 నుంచి యూనికోడ్ మొత్తం పట్టే యూటీఎఫ్8ఎంబీ4. టూల్‌లో ఆ గడిని ‘డిఫాల్ట్’ అని వదిలేసి, అవే క్లిక్కులు పాత సర్వర్‌లో ఒకసారి, కొత్త సర్వర్‌లో ఒకసారి చేయండి. పేరు ఒకటే, లోపల రెండు వేర్వేరు డేటాబేస్‌లు. పాతదాంట్లో తెలుగు పెడితే స్ట్రిక్ట్ మోడ్ (తప్పు డేటాను తిరస్కరించే అమరిక) ఉంటే ఎర్రర్ వస్తుంది, లేకపోతే నిశ్శబ్దంగా ప్రశ్నార్థకాలు చేరతాయి. యూటీఎఫ్8 అని ఎంచుకుంటే తప్పించుకున్నట్టేనా అంటే, కాదు. మైఎస్‌క్యూఎల్‌లో ఆ పేరుకు చాలాకాలంగా ఉన్న అర్థం మూడు బైట్ల రకం. తెలుగు మూడు బైట్లలో ఇమిడిపోతుంది కాబట్టి పరీక్షలన్నీ పాసవుతాయి. ఎవరో వ్యాఖ్య చివర నాలుగు బైట్ల నవ్వుముఖం పెట్టిన రోజున బండి ఆగుతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో మామూలు లాటిన్ కొలేషన్ (అక్షరాలను పోల్చే, వరుసపెట్టే నియమం) ఉన్న వార్‌చార్ కాలమ్‌లో తెలుగు పెడితే ఎర్రర్ కూడా రాదు, అన్నీ ప్రశ్నార్థకాలే. యూనికోడ్ పట్టే ఎన్‌వార్‌చార్ కాలమ్ పెట్టుకున్నా, స్క్రిప్టులో కోట్ గుర్తుకు ముందు ఎన్ అక్షరం మరిచిపోతే ఫలితం అదే. ఆ ప్రశ్నార్థకాల నుంచి అసలు అక్షరాలను వెనక్కి తెచ్చే దారి లేదు. అందుకే డేటాబేస్ సృష్టించే మొదటి వాక్యంలోనే క్యారెక్టర్ సెట్, కొలేషన్ రెండూ పేరు పెట్టి రాయమంటాను. ఒక్క లైను పని.

ఇక ఇప్పటికే ఉన్న టేబుల్‌ను మార్చడం. గ్రాఫికల్ టూల్ అసలు ప్రమాదం ఇక్కడ ఉంది, వ్యాసం మాత్రం దీన్ని ముట్టుకోలేదు.

ఎస్‌క్యూఎల్ సర్వర్ డిజైనర్‌లో కొత్త కాలమ్‌ను చివర కాకుండా మూడో స్థానంలో పెట్టాలనుకున్నారనుకోండి. కుడి క్లిక్, ఇన్సర్ట్ కాలమ్, సేవ్. చూడటానికి చిన్న పని. కింద జరిగేది వేరు. టేబుల్ పేరుకు ముందు టీఎంపీ అని పెట్టి ఇంకో టేబుల్ సృష్టిస్తుంది. పాత టేబుల్‌లోని వరుసలన్నీ అందులోకి కాపీ చేస్తుంది. పాతదాన్ని తీసేస్తుంది, కొత్తదానికి పాత పేరు పెడుతుంది, ఇండెక్సులు (త్వరగా వెతికే సూచికలు), ఫారిన్ కీలు (ఇంకో టేబుల్ వరుసతో ముడివేసే నియమాలు) మళ్లీ కడుతుంది. వెయ్యి వరుసలుంటే రెప్పపాటు. కోట్లలో ఉంటే ఆ సేపంతా టేబుల్ ఇతరులకు అందకుండా లాక్, మార్పులు రాసుకునే లాగ్ ఫైలు ఉబ్బడం, డిజైనర్‌కు ముందే పెట్టి ఉన్న ముప్ఫై సెకన్ల గడువు దాటి మధ్యలో వెనక్కి తిరగడం. మార్పుల నమోదు కోసం చేంజ్ ట్రాకింగ్ పెట్టుకున్న టేబుల్ అయితే, తిరిగి సృష్టించడంతో ఆ నమోదంతా పోతుంది. మైక్రోసాఫ్ట్‌కు ఇది తెలుసు. అందుకే టూల్స్, ఆప్షన్స్, డిజైనర్స్ కింద ‘టేబుల్‌ను తిరిగి సృష్టించాల్సి వచ్చే మార్పులను సేవ్ కానివ్వకు’ అనే టిక్కు ముందే పెట్టి ఇస్తుంది. సేవ్ కాలేదని వెతికినవాళ్లకు ఇంటర్నెట్‌లో మొదట దొరికే సలహా ‘ఆ టిక్కు తీసేయండి’. పొగ వస్తోందని అలారం వైరు పీకేయమన్నట్టు. కాలమ్‌ను, టేబుల్‌ను మార్చే ఆల్టర్ టేబుల్ వాక్యంతో చివరన చేర్చితే నల్ ఒప్పుకునే కాలమ్‌కు ఈ కాపీ ఏదీ ఉండదు. ఏ వరుసలో కనబడాలన్నది డేటా చదివే సెలెక్ట్ వాక్యంలో రాసుకునే విషయం. డిస్కు మీద స్థానంతో దానికి పనేముంది?

అదే డిజైనర్‌లో ‘జనరేట్ చేంజ్ స్క్రిప్ట్’ అనే ఆదేశం ఉంది. సేవ్ బదులు దాన్ని నొక్కితే టూల్ ఏం చేయబోతోందో మొత్తం అక్షరాల్లో చూపిస్తుంది. టీఎంపీ అనే మాట అందులో కనబడితే, అక్కడితో ఆగి చేత్తో రాసుకోవడం మేలు. వర్క్‌బెంచ్‌లో అప్లై నొక్కాక అమలుకు ముందు ఎస్‌క్యూఎల్ చూపించే తెర వస్తుంది. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌కు టూలైన పీజీఅడ్మిన్‌లో దాదాపు ప్రతి డైలాగ్ చివర ఎస్‌క్యూఎల్ అనే ట్యాబ్ ఉంటుంది. అంటే టూల్ కూడా చివరికి స్క్రిప్టే రాస్తుంది. మనం చదవకుండా ‘సరే’ అంటున్నాం, అంతే తేడా.

పీజీఅడ్మిన్ పేరు వచ్చింది కాబట్టి పోస్ట్‌గ్రెస్ కొత్తవాళ్లను ఏడిపించే ఒక సంగతి. కోట్ గుర్తులు లేకుండా రాసిన పేర్లను పోస్ట్‌గ్రెస్ చిన్న అక్షరాల్లోకి మార్చుకుంటుంది. డైలాగ్‌లో పేరు గడిలో పెద్ద అక్షరంతో మొదలుపెట్టి ‘కస్టమర్’ అని కొడితే, టూల్ దాన్ని కోట్ గుర్తుల మధ్య పెట్టి, పెద్ద అక్షరంతోనే సృష్టిస్తుంది. తర్వాత మామూలుగా సెలెక్ట్ రాస్తే అలాంటి టేబుల్ లేదంటుంది. ఎదురుగా చెట్టు పటంలో మాత్రం కనబడుతూనే ఉంటుంది. అక్కడి నుంచి జీవితాంతం ప్రతి క్వెరీలో (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలో) డబుల్ కోట్ గుర్తులు పెట్టాల్సిందే. పేర్లన్నీ చిన్న అక్షరాలు, మధ్యలో అండర్‌స్కోర్: ఇదొక్కటి పాటిస్తే బాధ ఉండదు. ఇంకోటి, అన్ని హక్కులూ ఉండే, పోస్ట్‌గ్రెస్ అనే పేరున్న సూపర్‌యూజర్‌గా లాగిన్ అయ్యి టేబుళ్లు గీస్తే వాటి యజమాని ఆ సూపర్‌యూజరే అవుతాడు. అప్లికేషన్ తన యూజర్‌తో వచ్చినప్పుడు పర్మిషన్ లేదన్న జవాబు వస్తుంది. 15వ వెర్షన్ నుంచి టేబుళ్లు మామూలుగా చేరే పబ్లిక్ స్కీమా అనే అరలో టేబుల్ సృష్టించే హక్కు కూడా అందరికీ ఉండదు. హక్కులిచ్చే గ్రాంట్ వాక్యాలు స్క్రిప్టులో ఉంటే ఎవరికి ఏ హక్కు ఇచ్చామో ఒకేచోట కనబడుతుంది. డైలాగుల్లో అయితే ఒక్కో టేబుల్ సెక్యూరిటీ ట్యాబ్ తెరిచి చూసుకుంటూ పోవాలి.

ఇంతా చెప్పి స్క్రిప్టుకు గుడి కట్టమనడం లేదు. స్క్రిప్టు తప్పుగా రాస్తే క్లిక్కు కన్నా వేగంగా ముంచుతుంది. ఎక్కువగా చూసేది ఇది: స్క్రిప్టు మొదట్లో యూజ్ అని డేటాబేస్ పేరు రాసి, కింద గో పెట్టి, టేబుళ్లు మొదలుపెడతారు. గో అన్నది ఎస్‌క్యూఎల్ వాక్యం కాదు, ఇక్కడితో ఒక బ్యాచ్ అయిందని మేనేజ్‌మెంట్ స్టూడియోకూ ఎస్‌క్యూఎల్‌సీఎండీ అనే కమాండ్ లైన్ టూల్‌కూ చెప్పే గుర్తు. డేటాబేస్ పేరులో ఒక అక్షరం తప్పితే మొదటి బ్యాచ్ ఎర్రర్ ఇస్తుంది, రెండో బ్యాచ్ ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. టేబుళ్లన్నీ వెళ్లి సాధారణంగా, సర్వర్ సొంత పనులకు ఉన్న మాస్టర్ డేటాబేస్‌లో కూర్చుంటాయి. ఎస్‌క్యూఎల్‌సీఎండీకి మైనస్ బి అనే స్విచ్ ఇస్తే మొదటి ఎర్రర్ దగ్గరే ఆగుతుంది. పోస్ట్‌గ్రెస్ వాళ్ల పీఎస్‌క్యూఎల్ కూడా అంతే, చెప్పకపోతే ఎర్రర్ తర్వాత ముందుకే పోతుంది. దానికి ఆన్ ఎర్రర్ స్టాప్ వేరియబుల్‌ను 1 చేయాలి. దానితోపాటు సింగిల్ ట్రాన్సాక్షన్ (అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు) ఆప్షన్ కూడా ఇస్తే, పోస్ట్‌గ్రెస్‌లో టేబుల్ సృష్టి కూడా ట్రాన్సాక్షన్‌లో భాగమే కాబట్టి, ముప్ఫయ్యో టేబుల్ దగ్గర తప్పు జరిగినా ముందు ఇరవై తొమ్మిదీ వెనక్కి పోయి డేటాబేస్ శుభ్రంగా మిగులుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో ఈ సుఖం లేదు. అక్కడ ప్రతి క్రియేట్, ఆల్టర్ వాక్యం తనంతట తాను కమిట్ (ఖాయం) అయిపోతుంది. మధ్యలో ఆగితే సగం కట్టిన ఇల్లే. కాబట్టి అక్కడ ఒక్కో ఫైలు చిన్నదిగా, ఒక్క మార్పుకు పరిమితమై ఉండాలి.

‘ఇఫ్ నాట్ ఎగ్జిస్ట్స్’ (లేకపోతేనే సృష్టించు) అని చేర్చితే స్క్రిప్టు ఎన్నిసార్లయినా నడపొచ్చని చాలామంది ధీమా. ఆ మాట టేబుల్ పేరును మాత్రమే చూస్తుంది. అదే పేరుతో రెండు కాలమ్‌లు తక్కువున్న పాత టేబుల్ ఉన్నా సరే, ఉందిలే అని దాటిపోతుంది, స్క్రిప్టు విజయవంతం అంటుంది. కొత్తగా కట్టే డేటాబేస్‌కు ఆ మాట లేకపోవడమే మంచిది. టేబుల్ అప్పటికే ఉంటే ఎర్రర్ రావాలి, మనకు తెలియాలి.

కన్‌స్ట్రెయింట్లకు (డేటా పాటించాల్సిన నియమాలకు) పేర్లు పెట్టకపోవడం బద్ధకంగా రాసిన స్క్రిప్టులో ఉండే రోగం. పేరు ఇవ్వకుండా రాసిన డిఫాల్ట్‌కు ఎస్‌క్యూఎల్ సర్వర్ డీఎఫ్, టేబుల్ పేరు ముక్క, కాలమ్ పేరు ముక్క, చివర ఏదో హెక్స్ అంకె కలిపి పేరు తయారు చేస్తుంది. ఆ అంకె ఒక్కో సర్వర్‌లో ఒక్కోలా ఉంటుంది. టెస్ట్ సర్వర్‌లో ఆ పేరు చూసి తొలగించే స్క్రిప్టు రాస్తే, అసలు సర్వర్‌లో ఆ పేరే ఉండదు. అలాగే ఫారిన్ కీ గీత గీయగానే దాని వెనక ఇండెక్స్ కూడా వచ్చిందని అనుకోకూడదు. మైఎస్‌క్యూఎల్‌లో డేటా దాచే ఇంజిన్ ఇన్నోడీబీ ఆ ఇండెక్స్ తానే కడుతుంది. పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూఎల్ సర్వర్ కట్టవు. ఫారిన్ కీ చూపించే తల్లి టేబుల్‌లో ఒక వరుస తీసేయబోతే, ఆ కీ ఉన్న పిల్ల టేబుల్ మొత్తం జల్లెడ పట్టాల్సి వస్తుంది. డయాగ్రమ్‌లో గీత మాత్రం రెండుచోట్లా ఒకేలా ఉంటుంది.

నా దృష్టిలో పని ఇలా సాగాలి. మొదటి ఆలోచనకు డయాగ్రమ్ టూలే వాడండి. నలుగురు కూర్చుని ఏ టేబుల్ దేనికి అంటుకోవాలో మాట్లాడుకోవడానికి బొమ్మను మించింది లేదు. బొమ్మ తేలాక వర్క్‌బెంచ్ అయితే ఫార్వర్డ్ ఇంజినీర్, ఇంకోటైతే దాని స్క్రిప్ట్ ఆదేశం నొక్కి ఎస్‌క్యూఎల్ బయటికి తీయండి. ఆ ఫైలును అలాగే నడపకండి. వర్క్‌బెంచ్ ఇచ్చే ఫైలు మొదట్లో ఫారిన్ కీ తనిఖీని సున్నా చేసే లైను ఉంటుంది. దాని వల్ల టేబుళ్లు ఏ వరుసలో ఉన్నా సృష్టి జరిగిపోతుంది, సరే. ఆ ఫైలులోనే డేటా కూడా నింపితే, తల్లి లేని పిల్ల వరుసలు లోపలికి వచ్చేస్తాయి. చివర తనిఖీని మళ్లీ 1 చేసినా అప్పటికే చేరిన వరుసలను అది వెనక్కి వెళ్లి చూడదు. తల్లి టేబుళ్లు ముందు, పిల్ల టేబుళ్లు తర్వాత పెట్టి ఆ లైను తీసేయండి. రెండు టేబుళ్లు ఒకదాన్నొకటి చూపించుకునే చోట మాత్రం ముందు రెండూ సృష్టించి, ఫారిన్ కీని ఆల్టర్‌తో చేర్చండి. 8.0 వర్క్‌బెంచ్ ఇండెక్స్ లైన్ల చివర విజిబుల్ అనే మాట తగిలిస్తుంది. మైఎస్‌క్యూఎల్ నుంచి పుట్టిన మారియాడీబీలోనూ, మైఎస్‌క్యూఎల్ 5.7లోనూ అది సింటాక్స్ ఎర్రర్. 45లన్నీ చూసి సరైన పొడవులు వేయండి. డబ్బు కాలమ్ ఫ్లోట్‌గా (ఉజ్జాయింపు సంఖ్యగా) ఉంటే డెసిమల్ (కచ్చితమైన దశాంశం) చేయండి, లేకపోతే పైసల దగ్గర లెక్క కుదరదు. ప్రతి కన్‌స్ట్రెయింట్‌కు పేరు పెట్టండి. ఎందుకు అలా నిర్ణయించారో ఒక లైను కామెంట్ రాయండి.

ఆ ఫైలు, మార్పుల చరిత్ర దాచే గిట్ అనే టూల్‌లోకి వెళ్లాలి, అంకె వేసుకుని. స్క్రిప్టులను వరుసగా నడిపే ఫ్లైవే టూల్ వాడితే పేరు వీ అక్షరంతో మొదలై, అంకె, రెండు అండర్‌స్కోర్లు, వివరణ ఉండాలి. ఒక్క అండర్‌స్కోర్ పెట్టి ఫైలు ఎందుకు నడవలేదని తల పట్టుకునేవాళ్లు తక్కువేం కాదు. ఏ ఫైలు నడిచిందో ఫ్లైవే ఒక హిస్టరీ టేబుల్‌లో చెక్‌సమ్‌తో (ఫైలులోని విషయం నుంచి లెక్కగట్టిన అంకెతో) సహా రాసుకుంటుంది. నడిచిపోయిన ఫైలును తర్వాత దిద్దితే చెక్‌సమ్ కలవక ఆగిపోతుంది. తప్పు దొరికితే కొత్త అంకెతో కొత్త ఫైలు రాయాలి, పాతదాన్ని తాకకూడదు. ఈ టూల్ ఏదీ లేకపోయినా అంకెలు వేసిన ఫైళ్లు, ఏది నడిచిందో రాసుకునే ఒక చిన్న టేబుల్ చాలు.

తనిఖీ తేలిక. ఖాళీ డేటాబేస్ మీద మొదటి ఫైలు నుంచి చివరి ఫైలు వరకు నడపండి. దాని నిర్మాణాన్ని పీజీడంప్‌తో స్కీమా ఓన్లీ అని, లేదా మైఎస్‌క్యూఎల్‌డంప్‌తో నో డేటా అని బయటికి తీయండి. అసలు సర్వర్ నిర్మాణాన్నీ అలాగే తీసి రెండు ఫైళ్లనూ పక్కపక్కన పోల్చండి. తేడా కనబడితే ఎవరో ఎక్కడో సేవ్ నొక్కారన్నమాట. మైఎస్‌క్యూఎల్‌లో కొత్త వరుసలకు తానే పెంచుతూ ఇచ్చే ఆటో ఇంక్రిమెంట్ అంకెలు ఎలాగూ తేడా వస్తాయి, వాటిని వదిలేయండి. స్టోర్డ్ ప్రొసీజర్లు (సర్వర్‌లోనే దాచిన ప్రోగ్రాములు), ఈవెంట్లు (సమయానికి నడిచే పనులు) అడగకపోతే ఆ డంప్‌లోకి రావు. రొటీన్స్, ఈవెంట్స్ ఆప్షన్లు విడిగా ఇవ్వాలి.

జనం వాడుతున్న పెద్ద టేబుల్ మీద అయితే స్క్రిప్టు కూడా ఆచితూచి నడపాలి. పోస్ట్‌గ్రెస్‌లో ఒక ఆల్టర్, ముందున్న ఏదో పొడవాటి సెలెక్ట్ ముగిసేదాకా ఎదురుచూస్తుంటే, దాని వెనక వచ్చిన మామూలు సెలెక్టులన్నీ కూడా క్యూ కడతాయి. మార్పు ఒక మిల్లీసెకన్‌దే అయినా అప్లికేషన్ మొత్తం నిలిచిపోయినట్టు కనబడుతుంది. ఆల్టర్‌కు ముందు లాక్ టైమౌట్ (ఎదురుచూసే గడువు) ఐదు సెకన్లు పెడితే, లాక్ దొరక్కపోతే అదే తప్పుకుంటుంది, కాసేపాగి మళ్లీ ప్రయత్నించొచ్చు. ఇండెక్స్‌ను కన్‌కరెంట్లీ అని కడితే రాతలు ఆగవు. కాకపోతే అది ట్రాన్సాక్షన్ లోపల నడవదు, కాబట్టి ఆ ఫైలుకు పైన చెప్పిన సింగిల్ ట్రాన్సాక్షన్ ఇవ్వకూడదు. మధ్యలో విఫలమైతే చెల్లని ఇండెక్స్ ఒకటి మిగిలిపోతుంది, దాన్ని తీసేసి మళ్లీ కట్టాలి. ఫారిన్ కీని ముందు నాట్ వాలిడ్ అని చేర్చి, పాత వరుసల తనిఖీని తర్వాత విడిగా వాలిడేట్ చేయించొచ్చు. న్యాయంగా చెప్పాలంటే పీజీఅడ్మిన్ డైలాగుల్లో కన్‌కరెంట్లీ, నాట్ వాలిడ్ మీటలు కూడా ఉన్నాయి. అవి దేనికో తెలిసినవాడికే కంటికి ఆనుతాయి.

ఈ తగవు కొత్తదేమీ కాదు. ఎస్‌క్యూఎల్‌కు మూలమైన సీక్వెల్ 1974లో ఐబీఎంలో చాంబర్లిన్, బాయిస్ చేతుల్లో రూపు దిద్దుకుంటే, గడుల్లో నమూనా నింపి ప్రశ్న అడిగే ‘క్వెరీ బై ఎగ్జాంపుల్’ కూడా ఆ దశాబ్దంలోనే అదే సంస్థలో జ్లూఫ్ తయారు చేశారు. రెండూ ప్రోగ్రామర్లు కానివాళ్ల కోసమే. క్రియేట్ టేబుల్ వాక్యం చూసి భయపడేవాళ్లకు ఈ సంగతి చెప్పాల్సింది.

వేరేవాళ్లు కట్టిన రెండు వందల టేబుళ్ల డేటాబేస్‌ను మొదటిసారి చూసేటప్పుడు నేనూ ముందు తెరిచేది డీబీవర్ అనే టూల్‌లో డయాగ్రమే. నెమ్మదిగా నడిచే క్వెరీ ప్లాన్‌ను (సర్వర్ దాన్ని నడిపే దారిని) బొమ్మగా చూడటం అక్షరాల్లో చదవడం కన్నా సుఖం. ఒక్కరే వాడి, రేపు పారేసే డేటాబేస్‌కు క్లిక్కులే చాలు. వీటి మీద నాకు పేచీ లేదు.

మీ వ్యాసంలో సేవ్ బటన్ చుట్టూ ఎర్రగీత గీసిన తెరబొమ్మ వేశారు. ఈ శీర్షిక కొనసాగేటట్టయితే, వచ్చేసారి ఆ బొమ్మ పక్కనే, ఆ బటన్ నొక్కితే సర్వర్‌కు వెళ్లే ఎస్‌క్యూఎల్ వాక్యాలను కూడా అచ్చు వేయమని మనవి. పది పన్నెండు లైన్ల కన్నా చోటు పట్టదు.

భవదీయుడు,
ఒక డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్